కల్పితలోకమునందు విశ్వాసము

విశ్వామిత్రుఁడు త్రిశంకునికై వేఱొక స్వర్గమును సృష్టించెనని వినిన మనకు కల్పితలోకములు క్రొత్తవి కావు. ఆక్స్‌ఫర్డులో అధ్యాపకులుగా నుండిన క్రైస్తవమిత్రులు లూయిస్, టోల్కీన్ అనువారును అట్టి లోకములను నిర్మించిరి. లూయిస్ 1950లో వెలువరించిన నార్నియా కథలో సింహము ద్రోహియైన బాలునికై ప్రాణమిచ్చి మరల లేచును. అది క్రీస్తుకథయే యని పాఠకునికి వెంటనే తోఁచును. టోల్కీన్ 1954, 55లలో ప్రకటించిన మహాకథలో క్రీస్తునామమే లేదు. గొల్లమ్ అను దీనునిపైఁ జూపిన దయయే తుదకు లోకమును గాచును. గరివిడిలో బాలురకుఁ బాఠములు చెప్పుకొను మాకు ఈ రెండవ మార్గమే యుచితమని తోఁచును.

మన జాషువా కవియు క్రైస్తవుఁడే. అయినను 1941 నాఁటి 'గబ్బిలము'న అంటరానివాఁడనఁబడిన పేదవాని మొఱను శివునికే పంపెను. గుడిలోనికి మనుష్యుఁడు పోరాదఁట, గబ్బిలము పోవచ్చునఁట! తన మతమును బోధింపకయే ధర్మమును బోధించుట యనఁగా నిదియే. చదువరులారా, బిడ్డల కిచ్చు కథ ఏ మతమువాఁడు వ్రాసెనని యడుగకుఁడు. ఎవనియెడ దయ నేర్పుచున్నదని యడుగుఁడు.