ఫిడేలు వచ్చా?

కిందటి వేసవిలో నాష్‌విల్‌లో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు, ఓ ఆదివారం రాత్రి బావ నన్ను స్టేషన్ ఇన్‌కి తీసుకెళ్లాడు. 1974లో మొదలైన బ్లూగ్రాస్ వేదిక. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో పొట్టి రాతి కట్టడం. ఆదివారం జామ్‌కి టికెట్ ఉండదు. వచ్చినవాళ్లు గుండ్రంగా కూర్చుని వాయించేస్తుంటారు.

డ్రమ్స్ లేవు! బేస్ 'దుమ్' అంటే, ఆ సందులో మాండొలిన్ 'చక్' అంటుంది. తాళమంతా అదే. బాంజో వంతొస్తే మిగతావాళ్లు తగ్గుతారు. అయ్యాక కళ్లతోనే పక్కవాళ్లకి అప్పగిస్తారు.

తర్వాత ఫిడేలు. వయొలిన్ అంటేనే గొప్ప అనుకునేవాణ్ణి గానీ, మన ద్వారం వెంకటస్వామినాయుడు గారు కూడా ఫిడేలు నాయుడు గారే కదా. నేనూ ఏడేళ్లు నేర్చుకున్నా. కింద కూర్చుని, దాని తల పాదం మీద ఆనించి. ఇంటర్‌లో ఎంసెట్ పేరు చెప్పి పెట్టెలో పెట్టేశా.

ఇక్కడ ఒక పెద్దాయన భుజానికి ఆనించి వాయిస్తున్నాడు. నా ఎడమచేతి వేళ్లు తొడ మీద కదులుతున్నాయని నాకే తెలీలేదు. ఆయన చూశాడు. పాట ఆగగానే ఫిడేలు నా వైపు చాచి, "వచ్చా?" అన్నాడు.

"రాదండి" అనేశా.

కార్లో చాలాసేపటికి బావ అడిగాడు, "ఏడేళ్లు నేర్చుకున్నావ్ కదరా?"

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి నా ఫిడేలు ఎక్కడుందన్నా.

"అటక మీద. తీగలు తెగిపోయుంటాయి. ఇప్పుడెందుకురా?" అంది.