అమ్మ పాటకో నంబరు

అమ్మ సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఆవిడ పాడిన మంగళహారతులు నా ఫోన్‌లో ఉన్నవి ఆరే. వాటిని ఆల్బమ్‌గా పెడదామని మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"ఒక్కోదానికీ ఐఎస్‌ఆర్‌సీ కోడ్ కావాలమ్మా" అంది.

"సబ్బు పెట్టె మీద గీతల్లాంటిదా?" అన్నాను.

అది వేరట. ఆ బార్‌కోడ్ నంబరు ఆల్బమ్ మొత్తానికీ ఒకటే. ఐఎస్‌ఆర్‌సీ మాత్రం రికార్డింగుకొకటి. అక్షరాలూ అంకెలూ కలిపి 12. మొదటి 5 కోడ్ కేటాయించినవాళ్ల గుర్తు, తర్వాతి 2 ఏ ఏడాది ఇచ్చారో, చివరి 5 వరుస సంఖ్య.

ఆరింటిలో ఒకే హారతి రెండుసార్లుంది. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో అమ్మ మధ్యలో ఆపి, "పాలు పొంగుతున్నాయి, చూడవే" అని నన్ను కేకేసింది.

"పాట ఒకటే కదా, ఒక కోడ్ చాలదూ?" అన్నాను.

"కోడ్ పాటకి కాదమ్మా, రికార్డింగుకి. ఇదే రికార్డింగు రేపు ఇంకో ఆల్బమ్‌లో పెట్టినా ఇదే కోడ్. మళ్లీ పాడితే మాత్రం కొత్తది."

పాల కేక కత్తిరించొద్దన్నాను. దానికీ ఓ నంబరు వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకి ఎన్ని పాటలొచ్చో! "ఈ పని కానీ, తర్వాత రికార్డు చేద్దాంలే" అంటూ రోజులు గడిపేశాను. వాటిలో కొన్ని నాకూ వచ్చు. నేను పాడితే పాట మిగులుతుంది, కోడూ వస్తుంది. కానీ అది నా గొంతు నంబరు, అమ్మది కాదు.

మీ అమ్మగారు ఇవాళ ఏదైనా కూనిరాగం తీస్తుంటే, ముందు ఫోన్ దగ్గర పెట్టండి. పాలు పొంగితే పొంగనివ్వండి.