పరిచయ సంతకం

మా ఊరు రాయకోట. కృష్ణగిరి జిల్లాలో, హోసూరు నుంచి ధర్మపురి మీదుగా సేలం పోయే రైలు దారిలో ఉంటుంది. ఇప్పటివారికి టమాటా మండీ ఊరుగా తెలుసు. చరిత్ర చదివినవారికి కొండమీది కోట గుర్తుకొస్తుంది. మూడవ మైసూరు యుద్ధంలో, 1791లో, ఇంగ్లీషు సైన్యం ఈ కోటను టిప్పు సుల్తాను మనుషుల చేతుల్లోంచి తీసుకుంది. మనం రాయకోట అంటాము. తమిళంలో రాయక్కోట్టై అంటారు. ఇంగ్లీషులో రాసేవారిలో ఒకరు 'కె' ఒకటి పెడితే ఇంకొకరు రెండు పెడతారు. 'టి' సంగతీ అంతే. పాత దొరల పుస్తకాల్లో ఇంకా వేరే స్పెల్లింగులు ఉన్నాయి.

ఒక ఊరికి ఇన్ని పేర్లుంటే నష్టమేమిటని మీరు అడగవచ్చు. ఉత్తరాల కాలంలో ఏ నష్టమూ లేదు, పోస్టుమాన్ ఎలాగూ తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు మన పిల్లలు ఏది తెలుసుకోవాలన్నా గూగుల్‌ను అడుగుతున్నారు. అది చూపించింది ఉన్నట్టు, చూపించనిది లేనట్టు. తెలుగు రాష్ట్రాలకు బయట ఉన్న మనబోటి వారికి ఇది చిన్న సంగతి కాదు. మన ఊళ్ళ తెలుగు అక్కడ కనబడకపోతే, అసలు అక్కడ తెలుగే లేదని మన మనవళ్ళే అనుకుంటారు.

మా సంఘం కుర్రవాళ్ళు కొన్నేళ్ళ క్రితం ఒక వెబ్‌సైటు తయారుచేశారు. కోట ఫోటోలు, పాత వార్షిక సంచికలు, పెద్దవాళ్ళ నోట విన్న మాటల పట్టిక అందులో పెట్టారు. దుడ్డు, అంగడి, నిండా, తావ వంటి మాటలు, వాటిని మా వైపు ఎలా వాడతారో చెప్పే వాక్యాలు. ఎంతో శ్రమ పడ్డారు. కానీ రాయకోట అని వెతికితే ఐదో పేజీలో కూడా మా సైటు వచ్చేది కాదు. ఇంట్లో పెళ్ళి పెట్టుకుని శుభలేఖ ఎవరికీ పంచనట్టు అయింది.

అప్పుడు ఒక సంస్థ వారు వచ్చారు. ఆరు నెలల్లో మూడు వేల లింకులు కట్టిస్తామని, సైటును మొదటి పేజీకి తెస్తామని, 24,000 రూపాయలు అవుతుందని చెప్పారు. సంఘం ఖాతాలో అప్పుడు ఉన్నది 62,000. ప్రతి ఏటా బడి పిల్లలకు బహుమతిగా ఇచ్చే తెలుగు పుస్తకాలు ఆ డబ్బుతోనే కొంటాము. కోశాధికారిని నేను కాబట్టి చెక్కు మీద సంతకం నాది కావాలి. బ్యాంకు బుద్ధి కదా, మొదట లెక్క వేశాను. లింకు ఒక్కింటికి ఎనిమిది రూపాయలు!

మా అక్క కొడుకు సంఘానికి కార్యదర్శి. "మామా, అందరూ ఇదే చేస్తా ఉండారు. దుడ్డు పెట్టకపోతే మనల్ని ఎవురూ చూడరు" అన్నాడు. అతని మాటలో సగం నిజం ఉంది. ఆ సగమేమిటో తెలియాలంటే లింకు అనేదానికి ఇంత విలువ ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

గూగుల్ పుట్టింది 1998లో. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక ఆలోచన చేశారు. పండితుల వ్యాసాల్లో ఎక్కువమంది ఉదహరించిన వ్యాసానికి గౌరవం ఎక్కువ. అదే న్యాయం వెబ్ పేజీలకు వర్తించకూడదా? ఒక పేజీ ఇంకొక పేజీకి లింకు ఇచ్చిందంటే దాని గురించి ఒక మంచి మాట చెప్పినట్టు. ఆ చెప్పిన పేజీకి ఎంత పరపతి ఉందో, దాని మాటకు అంత బరువు. ఈ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. నేడు గూగుల్ ఇంకా ఎన్నో విషయాలు చూస్తుంది గానీ, లింకును మాత్రం వదిలిపెట్టలేదు.

ఇది చదివినప్పుడు నాకు కొత్తగా తోచలేదు. నేను ఉద్యోగంలో చేరిన 1990ల తొలినాళ్ళలో బ్యాంకులో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్నవారు ఒకరు పరిచయ సంతకం చేయాలి. 2002 తరువాత రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చి, ఫోటోలకు, గుర్తింపు పత్రాలకు ప్రాధాన్యం పెరిగింది. అంతకు ముందు ఆ సంతకమే ఆధారం. బడి హెడ్‌మాస్టరుగారు సంతకం చేస్తే మేనేజరు తల ఎత్తకుండా ఖాతా తెరిచేవారు. ఆయన ఏడాదికి ఒకరికో ఇద్దరికో తప్ప చేయరు మరి. ఇంకొకాయన ఉండేవాడు. బ్యాంకు గుమ్మం దగ్గరే నిలబడి, ఒక టీ ఇప్పిస్తే ఎవరికైనా సంతకం పెట్టేవాడు. నియమం ప్రకారం అదీ సంతకమే. కానీ ఆ పేరు చూడగానే గుమాస్తా కలం కింద పెట్టేవాడు.

పేజ్‌ర్యాంక్ లెక్క కూడా ఇంతే. ఒక పేజీ తన పరపతిని తాను ఇచ్చే లింకులన్నిటికీ పంచుతుంది. నాలుగు లింకులు ఇస్తే ఒక్కొక్క దానికి నాలుగో వంతు, నాలుగు వందలు ఇస్తే నాలుగు వందలో వంతు. పంచడానికి అసలు పరపతే లేని పేజీ ఎన్ని లింకులిచ్చినా సున్నాను పంచినట్టే.

ఇక కొనుక్కునే లింకుల సంగతి. బీకాంలో అకామడేషన్ బిల్లు అని ఒక పాఠం ఉండేది. సరుకు అమ్మి రాసిన బిల్లు అసలైన వ్యాపార బిల్లు. సరుకూ లేదు, అమ్మకమూ లేదు, మొహమాటానికి ఒకరి బిల్లుకు ఒకరు సంతకాలు పెట్టుకుని బ్యాంకులో డబ్బు తీసుకుంటే అది అకామడేషన్ బిల్లు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. గడువు నాడు గానీ తేడా తెలియదు. మూడు వేల లింకులు అమ్మేవారి సరుకూ అలాంటిదే. పేరుకు మూడు వేల సైట్లు, వాటి వెనుక మనిషీ లేడు, చదివేవాడూ లేడు.

దీనికి గడువు నాడు ఏమవుతుందో లోకమంతా చూసింది. అమెరికాలో జె.సి.పెన్నీ అని పెద్ద దుకాణాల సంస్థ. 2010 చివర పండుగల అమ్మకాల కాలంలో దుస్తులన్నా, పరుపు దుప్పట్లన్నా, తివాచీలన్నా గూగుల్‌లో మొదట దాని పేరే వచ్చేది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆరా తీయిస్తే, సంబంధం లేని వేలాది పేజీల నుంచి ఆ సంస్థకు లింకులు కట్టి ఉన్నాయని తేలింది. 2011 ఫిబ్రవరిలో ఆ కథనం అచ్చయింది. గూగుల్ చర్య తీసుకోగానే ఒక రకం ప్రయాణపు పెట్టెల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న సంస్థ రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. సంస్థవారు తమకు తెలియకుండా జరిగిందని చెప్పి, ఆ పని చూసేవారిని తొలగించారు. మరుసటి ఏడాది 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, ఇలాంటి లింకులను యంత్రమే పట్టుకునేలా చేసింది. అంత పెద్ద సంస్థ కాబట్టి తట్టుకుంది. మన సంఘాలు ఒకసారి పడితే లేవడం కష్టం.

ఇవన్నీ కమిటీలో చెప్పాను. కుర్రవాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు మా అధ్యక్షులు, రిటైరైన తెలుగు అయ్యవారు, ఒక్క ప్రశ్న వేశారు. "ఎవరు నాయనా ఆ మూడు వేల మంది? మన రాయకోట గురించి వాళ్ళకేమి తెలుసు?" జవాబు లేదు. నేను చెక్కు రాయలేదు.

రాయకపోతే సరిపోదు, మరి మార్గమేమిటి? అక్క కొడుకు మాటలో ఉన్న నిజం ఇదే. ఎవరూ పరిచయం చేయని మంచి పేజీ కూడా మూలనే ఉండిపోతుంది. కాబట్టి పని రెండు భాగాలు చేసుకున్నాము.

మొదటిది ఇల్లు చక్కబెట్టుకోవడం. మా పాత సంచికలు డీటీపీ కాలం నాటి అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని బొమ్మలుగా సైటులో పెట్టేశారు. మన కంటికి అవి తెలుగే. యంత్రానికి బొమ్మలోని అక్షరాలు సరిగా అందవు. ఆ పాత ఫాంటులోని పాఠాన్ని అలాగే ఎక్కిస్తే గజిబిజి గుర్తులు. అందుకని ముఖ్యమైన వ్యాసాలన్నీ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించాము. ప్రతి పేజీకీ అందులో ఉన్నదేమిటో తెలిపే శీర్షిక పెట్టాము. 'పేజీ 7' అనేది శీర్షిక కాదు కదా! ఊరి పేరును అన్ని స్పెల్లింగులతో ఒక వాక్యంలో వివరించాము. గూగుల్ వారే ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేశాము. ఎవరు ఏ మాటతో వెతికితే మనం కనబడ్డామో అది పాస్‌బుక్కులా చూపిస్తుంది.

రెండవది పరిచయాలు. అడగనిదే అమ్మయినా పెట్టదు. నిజంగా మనతో సంబంధం ఉన్నవారెవరని పట్టిక రాసుకున్నాము. కోట ఎక్కడానికి బెంగళూరు నుంచి వచ్చే కొండలెక్కేవారి బృందానికి ఒక సైటు ఉంది, దానిలో దారి తప్పుగా రాసి ఉంది. సరైన దారి, మంచి ఫోటోలు పంపాము. వారు దిద్దుకుని, కృతజ్ఞతగా మా పేజీకి లింకు ఇచ్చారు. భాషాశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకురాలు మా మాటల పట్టికను తన విద్యార్థులు చదవవలసిన వాటిలో చేర్చారు. పాత విద్యార్థుల సంఘాలు, విదేశాల్లోని రెండు తెలుగు సంఘాలు కూడా ఇచ్చాయి. అందరికీ విడివిడిగా ఉత్తరం రాశాము, ఒకే నకలు పంచలేదు. తెలుగు వికీపీడియాలో మన చిరునామా మనమే ఎక్కిద్దామని ఒకరన్నారు. అది వారి మర్యాదకు విరుద్ధం. పైగా 2007 నుంచి వికీపీడియా బయటి లింకులకు, దీన్ని సిఫారసుగా లెక్కించవద్దని తెలిపే గుర్తు ఉంటుంది. దానివల్ల ర్యాంకూ పెరగదు.

పదకొండు నెలల్లో వచ్చిన లింకులు మూడు వేలు కాదు, పద్నాలుగు. టైపింగు కూలితో కలిపి ఖర్చు 3,200 రూపాయలు. ఫలితం చెబుతాను, గొప్పలు పోను. రాయకోట అని ఒక్క మాట కొడితే ఇప్పటికీ మ్యాపులు, వికీపీడియా మాకంటే ముందే ఉంటాయి, ఉండవలసినవే. కానీ రాయకోట తెలుగు మాటలు అన్నా, కోట దారి అన్నా మొదటి పేజీలో ఉన్నాము. కోయంబత్తూరు నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. "మా అవ్వ మాదిరి నేనూ 'నిండా బాగుంది' అంటే అది తెలుగు కాదని నవ్వేవాళ్ళు. మీ పేజీ మా పాపకు చూపించినాను" అని. ఆ ఉత్తరాన్ని కమిటీలో పైకి చదివాము. అక్క కొడుకు ఇప్పుడు ఆ పట్టికకు వారానికి పది మాటలు చేరుస్తున్నాడు.

పాఠకులకు నా మనవి ఇది. మీ ఊళ్ళో కూడా ఇలాంటి సంఘమో, బడో, గ్రంథాలయమో ఉంటుంది, దానికొక సైటు కూడా ఉండవచ్చు. మొదట దాన్ని చదవండి. బాగుంటే మీ సంఘం పేజీలో ఒక లింకు ఇవ్వండి, అది ఎందుకు బాగుందో ఒక వాక్యం రాయండి. తెలియనిదానికి మాత్రం ఎంత మొహమాటపెట్టినా ఇవ్వకండి. ఆచితూచి పెట్టే సంతకానికే విలువ ఉంటుందని ముప్ఫై ఏళ్ళుగా కౌంటరు వెనుక కూర్చుని చూస్తున్నవాణ్ణి, అంతమాత్రం చెప్పగలను.