సైకిలు దీపం: కొనేముందు కొంత లెక్క

మోటారు వాహనానికి దీపం దానితోపాటే పుడుతుంది. సైకిలుకు మాత్రం దానిని మనమే వెదకి తెచ్చి అమర్చుకోవాలి. గంట, స్టాండు, క్యారియరు అడగకుండానే బిగించి ఇచ్చే దుకాణదారు సైతం దీపం దగ్గరకు వచ్చేసరికి "అది మీ ఇష్టమండీ" అని ఊరుకుంటాడు. రాత్రి షిఫ్టుకు సైకిలుపై వచ్చే ఉద్యోగుల సంఖ్య మునుపటంత లేకపోవచ్చు గాని, వచ్చేవారికి ఈ "మీ ఇష్టం" చిన్న విషయం కాదు.

మేము నలుగురం ఒకే షిఫ్టు వాళ్లం. టౌన్‌షిప్ నుంచి గేటు దాకా ఏడు కిలోమీటర్లు, ఇరవై అయిదు నిమిషాల ప్రయాణం. ఇందులో సుమారు రెండు కిలోమీటర్ల మేర వీధిదీపాలు లేవు. ఇరువైపులా సరుగుడు చెట్లు. తారురోడ్డు పగటి వేడిని చాలాసేపు దాచుకుంటుంది గనుక, ఆ వెచ్చదనం కోరి గేదెలు రోడ్డు మధ్యనే పడుకుంటాయి. నల్లని రోడ్డుపై నల్లని గేదెను చూడగలగడానికి ఎంత వెలుతురు కావాలో ఆ దారిన తిరిగేవారికే తెలుస్తుంది. గత శీతాకాలంలో మాలో ఒకరు ఎదురుగా వచ్చిన లారీ వెలుగుకు కళ్లు చెదిరి, రోడ్డు అంచున పోసి ఉన్న కంకరపై పడిపోయారు. మణికట్టు విరిగి, ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. ఆ సమయంలో వారి సైకిలుకు దీపం లేకపోలేదు, వెలుగుతూనే ఉన్నది. అయితే అది ఎదుటివారికి మనం ఉన్నామని తెలిపే దీపమే గాని, మనకు దారి చూపే దీపం కాదు. వారి శ్రీమతి గారు "సరైన దీపం వచ్చేదాకా సి షిఫ్టుకు సైకిలు తీయనివ్వను" అని ఖండితంగా చెప్పిన మీదట, మేము ఈ విషయాన్ని శ్రద్ధగా పట్టించుకున్నాము.

మన పెద్దల కాలంలో సైకిలుకు కిరసనాయిలు దీపం ఉండేది. పురపాలక సంఘం ఇచ్చే లైసెన్సు బిళ్లతోపాటు దీపం కూడా లేకుంటే పోలీసువారు ఆపేవారు. తరువాత డైనమో వచ్చింది. చక్రం టైరుకు ఒరుసుకుంటూ తిరిగే ఆ సీసా ఆకారపు డైనమో సాధారణంగా 6 వోల్టుల వద్ద 3 వాట్లు ఇస్తుంది. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, మిగిలిన 0.6 వాట్లు వెనుక ఎర్రబల్బుకు. ఛార్జింగ్ బెంగ లేదు, బ్యాటరీ ఖర్చు లేదు. కాని తొక్కుడు బరువెక్కుతుంది, వానలో టైరు మీద జారుతుంది, సైకిలు ఆగగానే ఆరిపోతుంది. కూడలిలో ఆగి నిలబడిన క్షణంలోనే మనం ఎవరికీ కనబడకుండా పోవడం దాని పెద్ద లోపం.

ఈనాటి దీపానికి రెండు ఆవిష్కరణలు ఆధారం. జపానులో 1993లో వెలువడిన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తెల్లని ఎల్‌ఈడీకి దారి తీసింది. ఆ కృషికి అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సోనీ సంస్థ 1991లో విపణిలోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ రెండవది. దాని రూపకర్తలైన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. రెండు నోబెల్ బహుమతుల ఫలం ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతున్నది. అమ్మేవారు మాత్రం దానిని ఇంకా "పవర్ లైటు సార్, చాలా ఫోకస్" అనే అమ్ముతున్నారు.

ముందుగా, ఎంత వెలుతురు కావాలి? దీనికి మేము బ్రేకు దూరంతో లెక్క మొదలుపెట్టాము. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 5.6 మీటర్లు. అడ్డంకిని చూసి బ్రేకు నొక్కడానికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే 8 మీటర్లు దాటిపోతాము. పొడి రోడ్డుపై ఆగడానికి మరొక 5 మీటర్లు, తడి రోడ్డుపై అయితే సుమారు 10 మీటర్లు. అంటే వాన రాత్రి గేదె కనీసం 20 మీటర్ల ముందే కనబడాలి. వీధిదీపాలున్న చోట 100 నుంచి 200 ల్యూమెన్ల దీపం సరిపోతుంది. మా సరుగుడు తోట వంటి కటిక చీకటిలో 300 నుంచి 500 దాకా కావలసి వచ్చింది. అంతకు మించినది మాకు అవసరం కనబడలేదు. ల్యూమెన్లు రెట్టింపు చేసినంత మాత్రాన కంటికి వెలుగు రెట్టింపుగా తోచదు. బ్యాటరీ మాత్రం రెట్టింపు వేగంతో ఖర్చవుతుంది.

అసలు మోసమంతా ఈ ల్యూమెన్ల అంకెలోనే ఉన్నది. మేము చూసిన ఒక దీపం పెట్టెపై "2000 ల్యూమెన్లు, 8 గంటలు" అని ముద్రించి ఉన్నది. ఇది సాధ్యమా కాదా అని తేల్చడానికి ఏ ప్రయోగశాలా అక్కరలేదు, గుణకారం వస్తే చాలు. ఇటువంటి దీపాలలో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండటం వల్ల దానికి ఆ పేరు. దాని వోల్టేజి సుమారు 3.6. మంచి కంపెనీ సెల్లుకు 2600 నుంచి 3500 మిల్లీ ఆంపియర్-అవర్ల సామర్థ్యం ఉంటుంది. 2600 అనుకుంటే, 2.6ను 3.6తో గుణించగా 9.4 వాట్-అవర్లు. ఒక వాట్‌కు నికరంగా 100 ల్యూమెన్ల చొప్పున వేసుకుంటే, ఆ సెల్లులో ఉన్నది మొత్తం 940 ల్యూమెన్-గంటలు. 400 ల్యూమెన్ల చొప్పున వెలిగిస్తే రెండు గంటల పైచిలుకు వస్తుంది. 2000 ల్యూమెన్ల చొప్పున ఎనిమిది గంటలంటే 16,000 కావాలి. అటువంటి సెల్లులు పదిహేడు ఉండాలి! ఆ దీపంలో ఉన్నది ఒక్కటే. పైగా ఆ ఒక్క సెల్లుపై 9900 మిల్లీ ఆంపియర్-అవర్లు అని రాసి ఉన్నది. ఆ పరిమాణపు సెల్లు అంత సామర్థ్యం మోయలేదు. ఆ అంకె కనబడితే దీపాన్ని అక్కడే వదిలివేయడం మంచిది. సెల్లుకు గాని బ్యాటరీకి గాని ఐఎస్ 16046 ప్రమాణం గుర్తు ఉన్నదేమో కూడా చూడాలి. నాసిరకం లిథియం సెల్లు వల్ల నష్టపోయేది వెలుతురు ఒక్కటే కాదు, పిల్లలు నిద్రిస్తున్న ఇంట్లో అది రాత్రంతా ఛార్జింగులో ఉంటుంది.

"ఇన్ని గంటలు వెలుగుతుంది" అన్న మాటలోనూ ఒక కిటుకు ఉన్నది. టార్చీలకు వాడే ఎఫ్‌ఎల్-1 ప్రమాణం ప్రకారం, వెలుగు తొలి స్థాయిలో పదోవంతుకు పడిపోయేదాకా గడిచిన సమయాన్ని ఆ దీపం ఆయుష్షుగా లెక్కిస్తారు. 500 ల్యూమెన్ల దీపం 50కి దిగజారినా లెక్కలో ఇంకా "వెలుగుతూనే" ఉంటుంది. కనుక మేము తెచ్చిన దీపాలను కాగితం మీద నమ్మక, నిండా ఛార్జి చేసి, వరండాలో వరుసగా వెలిగించి, పావుగంటకొకసారి గోడ మీది వెలుగును చూశాము. బంతి లాంటి గుండ్రని దీపం ఒకటి ఇరవై నిమిషాలకే కళతప్పింది. మరొకటి గంటన్నర దాకా స్థిరంగా వెలిగి, ఎర్ర సూచిక చూపి, తక్కువ వెలుగుకు తానే మారి మరో గంట నిలబడింది. మాకు నచ్చినది ఈ రెండో గుణమే. హఠాత్తుగా ఆరిపోయే దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా నమ్మదగినది కాదు.

మా అవసరం రోజుకు రాను పోను యాభై నిమిషాలు, వారానికి అయిదు గంటలు. సగటున 250 ల్యూమెన్ల చొప్పున వాడితే 1250 ల్యూమెన్-గంటలు. ఒక సెల్లు దీపానికి వారంలో రెండుసార్లు ఛార్జి పెట్టాలి. రెండు సెల్లులదైతే ఒక్క ఆదివారం సరిపోతుంది. ముగ్గురం రెండు సెల్లులదే తీసుకున్నాము. నాలుగో వారు మాత్రం టార్చీకి వాడే నాలుగు సన్న పెన్సిల్ సెల్లులతో నడిచే దీపం ఎంచుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత రోజుల తరబడి కరెంటు లేక ప్రజలు పడిన పాట్లు వారికి గుర్తున్నాయి. 1.2 వోల్టుల, 2000 మిల్లీ ఆంపియర్-అవర్ల రీఛార్జబుల్ సెల్లులు నాలుగు కలిస్తే 9.6 వాట్-అవర్లు. అవసరమైతే కిరాణా కొట్టులో దొరికే మామూలు సెల్లులైనా వేసుకోవచ్చు. ఆ వాదనకు మేము జవాబు చెప్పలేకపోయాము.

వెలుగు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ పడుతున్నదన్నదీ ముఖ్యమే. టార్చీలాగా గుండ్రంగా చిమ్మే వెలుగులో సగం చెట్లకొమ్మలకు, ఎదురుగా వచ్చేవారి కళ్లకు పోతుంది. జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన సైకిలు దీపాలలో పై అంచు గీత గీసినట్లు కత్తిరించి ఉంటుంది. కారు డిప్పు వెలుగులాగా రోడ్డు మీదే పరచుకుంటుంది. అటువంటిది మన మార్కెట్టులో దొరికినా ధర ఎక్కువ. దొరకనివారు కనీసం దీపాన్ని వంచి బిగించుకోవాలి. దీపం నేల నుంచి ఒక మీటరు ఎత్తున ఉంటే, 5 మీటర్ల దూరంలోని గోడపై వెలుగు నడిభాగం ఆ ఎత్తుకు సుమారు 33 సెంటీమీటర్లు దిగువన పడాలి. అప్పుడది రోడ్డును 15 మీటర్ల ముందు తాకుతుంది, దాని అంచు వెలుగు ఇంకా ముందుకు పోతుంది. మా సహోద్యోగిని పడవేసినది ఎదుటి వాహనపు వెలుగే. మన దీపంతో మరొకరిని అదే స్థితికి తేవడం న్యాయం కాదు గదా.

మినుకుమినుకుమనే పద్ధతిని చీకటి దారిలో వాడకూడదని మా అభిప్రాయం. అది మన ఉనికిని చాటుతుంది గాని, మనం ఎంత దూరంలో ఉన్నామో ఎదుటివారికి తెలియనీయదు, మనకు గుంటను చూపదు. వానకు ఐపీఎక్స్4 గుర్తు చాలు. అన్నివైపుల నుంచి పడే చిందులకు తట్టుకుంటుంది. మాది ఐపీఎక్స్6. ఛార్జింగ్ రంధ్రంపై రబ్బరు మూత సరిగా నొక్కకుంటే ఏ గుర్తూ కాపాడదు. రబ్బరు పట్టీతో బిగించేవి మన ఎండకు ఏడాదిలో పగుళ్లు తేలుతాయి, స్క్రూ బిగింపు మేలు. హ్యాండిలుకు బుట్ట ఉన్నవారు దీపాన్ని బుట్టకు ముందు భాగాన అమర్చుకోవాలి, లేకుంటే వెలుగంతా టిఫిను క్యారియరు మీదే పడుతుంది.

మన కర్మాగారానికి సంబంధించిన మాట ఒకటున్నది. గ్యాసు ఉండే విభాగాలలోకి బ్యాటరీ పరికరాలను తీసుకుపోరాదు. సైకిలు స్టాండులో వదిలితే ఎండకు సెల్లు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది, దొంగల భయమూ లేకపోలేదు. మేము గేటు దగ్గరి లాకరులో ఒక పాత టిఫిను డబ్బా పెట్టి, నాలుగు దీపాలూ అందులోనే ఉంచుతున్నాము.

కట్టు విప్పిన తరువాత మా మిత్రుడు తొలిసారి సి షిఫ్టుకు బయలుదేరిన రాత్రి, వారి శ్రీమతి గారు వీధి గుమ్మంలో నిలబడి దీపాన్ని తామే వెలిగించి చూశారు. "వెనుక ఎర్రది ఏదీ?" అని అడిగారు. ముందు దీపం గురించి నెలరోజులు లెక్కలు కట్టిన మా నలుగురిలో ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్నది ఒక్కరే, పెన్సిల్ సెల్లుల వారు. వారి సంచీలో అదనంగా ఒకటి ఉన్నది. దానిని సీటు కింద బిగించిన తరువాతే ఆమె గేటు తీశారు.