గొర్రెల కోసం ఖాళీ అయిన ఊరు

యార్క్ నుంచి ఈశాన్యంగా మాల్టన్ మీదుగా వెళితే, యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టల మధ్య వారమ్ పెర్సీ వస్తుంది. ఈ వారమ్‌కీ మన ఏడురోజుల వారానికీ సంబంధం లేదు. పెర్సీ అన్నది ఒకప్పటి ఊరి ప్రభువుల ఇంటిపేరు. కారు ఆపిన చోటునుంచి ముప్పావు మైలు దిగుడుదారిన నడవాలి. చేరాక కనిపించేది కప్పులేని చర్చి, చిన్న చెరువు, తర్వాతి కాలపు ఇళ్ల వరుస ఒకటి. అసలు ఊరు పైన గట్టుమీద, పచ్చిక కింద ఉంది.

అక్కడ కాసేపు నిలబడితే మిట్టపల్లాలు అర్థమవుతాయి. ఇది ఇల్లు, ఇది దాని వెనుక పెరడు, ఇది వీధి. ఇళ్ల స్థలాలు వరుసగా, తాడు పట్టి కొలిచినట్టున్నాయి. ఎవరో ఒక పద్ధతి ప్రకారం కట్టించిన ఊరే గాని తనంతట పెరిగింది కాదు. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో దీని పేరుంది. చర్చి గోడ చూస్తే ఊరి చరిత్ర మరీ తేటగా తెలుస్తుంది. జనం పెరిగినప్పుడు పక్క వసారాలు కట్టారు. తగ్గినప్పుడు వాటిని పడగొట్టి, ఆర్చీలను రాళ్లతో మూసేశారు. మూసిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురాతత్వవేత్త కలిసి ఇక్కడ 1990 వరకు సుమారు నలభై వేసవులు తవ్వించారు. శ్మశానంలో దొరికిన అస్థిపంజరాలు దాదాపు ఏడువందలు. మా ఇంట్లో ఇద్దరమూ వైద్యులమే. గుంటూరులో మొదటి సంవత్సరమంతా ఎముకలు చేతబట్టుకుని వల్లెవేసినవాళ్లం. అందుచేత మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఈ భాగమే. తల్లులు పిల్లలకు ఏడాదిన్నర దాకా పాలిచ్చేవారని ఎముకల రసాయన పరీక్ష చెప్పింది. పిల్లలు ఈనాటి పిల్లలకంటే బాగా పొట్టి. వయసుమళ్లిన స్త్రీల ఎముకలు మాత్రం ఈనాటి మన రోగుల ఎముకల్లాగే గుల్లబారాయి. పొలంపని, ఆరుబయట బతుకు ఉన్నా తప్పలేదు! పదకొండో శతాబ్దపు మనిషి ఒకడికి తలమీద దెబ్బ తగిలితే, ఎవరో పుర్రెకు రంధ్రం చేసి చికిత్స చేశారు. ఎముక మళ్లీ కట్టుకుంది, అంటే మనిషి బతికాడు. మత్తుమందు లేని రోజుల్లో ఆ చేయి ఎవరిదో!

మరికొన్ని ఎముకల మీద కత్తిగాట్లు, కాలిన గుర్తులు ఉన్నాయి. చచ్చినవాళ్లు లేచి తిరగకుండా చేసిన పని కావచ్చునని 2017లో పరిశోధకులు రాశారు. దయ్యాల భయం మన పల్లెల సొత్తే అనుకునేవారు ఇది గమనించాలి.

ఊరు ఎలా పోయింది? చూడవచ్చినవారిలో చాలామంది ప్లేగు అంటారు. 1349 ప్లేగు ఇక్కడా జనాన్ని తీసుకుపోయింది, నిజమే. కాని ఊరు ఆ తర్వాత నూటయాభై ఏళ్లు బతికింది. ప్లేగు తర్వాత కూలీలు కరువయ్యారు, ఉన్నికి మంచి ధర వచ్చింది. దున్నించడంకంటే గొర్రెలు మేపడం భూస్వామికి లాభమైంది. 1500 ప్రాంతంలో హిల్టన్ ప్రభువు చివరి కుటుంబాలను వెళ్లగొట్టాడు. 1517లో ప్రభుత్వం జరిపిన విచారణలో నాలుగు నాగళ్లు నిలిచిపోయాయనీ, నాలుగిళ్లు పాడుపడ్డాయనీ రాసుకున్నారు. వాళ్లెక్కడికి వెళ్లారో రాయలేదు. మా పద్ధతిలో మరణపత్రం రాయవలసివస్తే తక్షణ కారణం గొర్రె, దోహదం చేసినది ప్లేగు అని రాస్తాం.

చర్చికి మాత్రం పక్క ఊరు థిక్సెండేల్ జనం గుట్టలు దాటి నడిచివచ్చేవారు. 1870లో వాళ్లకు సొంత చర్చి వచ్చింది. ఇక్కడి గోపురం 1959లో సగం కూలింది.

ప్రవేశ రుసుము లేదు. దుకాణం, మరుగుదొడ్డి కూడా లేవు. పులిహోర, నీళ్లు, గట్టి బూట్లు వెంట తీసుకువెళ్లండి. ఆవులు మేస్తుంటాయి, పసిపిల్లలను చేయి వదలవద్దు.