ఉక్కు పట్టణంలో రబ్బరు ముక్క

హౌరా నుంచి ముంబయి వెళ్లే రైలు మార్గంలో రాయపూర్ దాటిన తరువాత బండి పడమటి దిక్కుగా సాగుతుంది. కుమ్హారి, భిలాయి, భిలాయి పవర్ హౌస్, భిలాయి నగర్ స్టేషన్లు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి, నలభై కిలోమీటర్లు నిండకుండానే దుర్గ్ చేరుకుంటాము. కిటికీ పక్కన కూర్చున్నవారికి పొగగొట్టాలు కనబడతాయి. రాత్రివేళ అయితే ఆకాశం అంచున ఎర్రని కాంతి కనబడుతుంది. దేశంలో రైలు ఏ మూలకు పోయినా, దాని చక్రాల కింద ఉన్న పట్టా ఇక్కడ పుట్టినదే కావడానికి అవకాశం ఎక్కువ.

తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. కర్మాగారం కట్టే రోజులలో పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2024 సెప్టెంబరు 16న దుర్గ్, విశాఖపట్నాల నడుమ వందే భారత్ రైలు ప్రారంభమైంది. టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా నడిచే ఆ బండి పాత బంధుత్వాలను మరింత దగ్గర చేసింది.

దుర్గ్ పాతది, భిలాయి కొత్తది. శివనాథ్ నది ఒడ్డున ఉన్న దుర్గ్ 1906లోనే జిల్లా కేంద్రమయింది. భిలాయి ఆనాడు పొలాల మధ్య ఉన్న పల్లె. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ల తరువాత, 1959 ఫిబ్రవరి 4న, మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు పుట్టిన వెంబడే ఊరూ పుట్టింది. తిన్నని వీధులు, అంకెలే పేర్లుగా గల సెక్టార్లు, చెట్ల నీడన ఒకే తీరు క్వార్టర్లు వెలిశాయి. 1972లో ఆ స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్ అనే ఉద్యానవనం కూడా ఏర్పడింది. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా కొండల నుంచి, సున్నపురాయి నందిని గనుల నుంచి వస్తాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడేనాటికి భిలాయిలో పుట్టి పెరిగిన రెండవ తరం ఉద్యోగంలో ఉన్నది.

ఈ ఊరి ప్రధాన సరుకు రైలు పట్టా. మీటరుకు అరవై కిలోల బరువు గల పట్టాను నూట ముప్పై మీటర్ల పొడవున ఏకఖండంగా ఇక్కడ సాగదీస్తారు. అంటే ఒక్కొక్కటి ఎనిమిది టన్నులకు కొంచెం తక్కువ. అలాంటివి రెండింటిని అతికి, రెండువందల అరవై మీటర్ల పట్టాగా రైలు బండ్లమీదనే పంపుతారు. ఇంత పొడవు పట్టా బండిమీద వెళ్తూ మలుపులో విల్లులా వంగడం చూడవలసిన దృశ్యం. ఉక్కు వంగుతుందా అని సందేహించేవారికి అంతకంటె మంచి సమాధానం లేదు.

అయితే ఈ పట్టాను తీసుకుపోయి దారిమీద పరిచినప్పుడు, దానిని నేరుగా కాంక్రీటు స్లీపరుమీద పెట్టరు. రెంటి నడుమ ఆరు నుంచి పది మిల్లీమీటర్ల మందం గల గాడిపెట్టిన రబ్బరు పలక ఒకటి వేస్తారు. పైనుంచి పట్టాను నొక్కిపట్టేది స్ప్రింగు వంటి ఉక్కు క్లిప్పు. రబ్బరు పలక అరిగిపోతే చక్రం దెబ్బ తిన్నగా కాంక్రీటుకు తగులుతుంది. స్లీపరు పగుళ్లు విచ్చడం మొదలవుతుంది. రైల్వే ఇంజనీర్లు దీనిని గురించి నిర్లక్ష్యంగా ఉండరు. కారు యజమానులు మాత్రం సరిగ్గా ఇలాంటి ముక్క తమ బండికింద కూడా ఉన్నదని, అదీ అరుగుతుందని చాలాకాలం ఎరుగరు.

మెకానిక్కులు దానిని బుష్ అంటారు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల సన్నని మరో ఉక్కు గొట్టం, ఈ రెంటినీ అంటుకుని నడుమ రబ్బరు. చేతిలో పట్టుకుంటే అరచేతిలో ఇమిడిపోతుంది. కారు ముందుచక్రాన్ని పట్టి ఉంచే కింది చేతిని లోయర్ ఆర్మ్ అంటారు. ఆ చేయి బండి చట్రానికి తగిలేచోట ఇలాంటి బుష్‌లు రెండు ఉంటాయి. చక్రం గుంటలో దిగి లేచినప్పుడు లోపలి గొట్టం కదలదు, బయటి గొట్టం చేతితోపాటు తిరుగుతుంది. నడుమ రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇనుముమీద ఇనుము రాపిడి లేదు, చమురు అవసరం లేదు, చప్పుడు లేదు.

గంధకంతో వేడిచేస్తే రబ్బరు చలికి పెళుసు బారదని, ఎండకు జిగురు కాదని చార్లెస్ గుడ్ఇయర్ 1839లో కనుగొనకపోయినట్లయితే ఇదంతా లేదు. మోటారు వాహనాల తొలినాళ్లలో ఈ కీళ్లకు కంచు, ఉక్కు బుష్‌లే ఉండేవి; వాటికి తరచుగా గ్రీజు పెట్టవలసి వచ్చేది. 1920 ప్రాంతాలలో లియోన్ తిరి అనే ఇంజనీరు రెండు గొట్టాల నడుమ రబ్బరును బిగించే పద్ధతి రూపొందించాడు. దానికి వచ్చిన సైలెంట్‌బ్లాక్ అన్న పేరు ఫ్రాన్సులో నేటికీ చెల్లుబాటులో ఉన్నది. 1931లో క్రైస్లర్ సంస్థ ఇంజనునే రబ్బరుమీద నిలిపి, కుదుపు లేని బండి అని ప్రచారం చేసుకున్నది.

భిలాయిలో ఒకప్పుడు కారంటే అంబాసిడరే. కాస్త ఠీవి కోరుకున్నవారు 1984 నుంచి 2002 దాకా తయారైన కాంటెస్సాను కొన్నారు. నేటి తరానికి కోరికలు వేరు. ఉదాహరణకు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ తీసుకుందాం. 230 అశ్వశక్తి గల రకం మనదేశంలో 2017లో వచ్చింది. 245 అశ్వశక్తి గలది 2020లో రెండువందలు మాత్రమే తెచ్చారు. చూడడానికి కుటుంబపు సెడాన్, పరుగులో మరోటి. ఇటువంటి బండ్లకు ఇప్పుడు ఐదారేళ్లు పైబడ్డాయి. ఇంజనుకు ఏమీ కాకపోవచ్చు, రంగు మెరుస్తూ ఉండవచ్చు. రబ్బరుకు మాత్రం వయస్సు వచ్చింది.

దుర్గ్ ప్రాంతంలో రబ్బరుకు శత్రువులు తక్కువేమీ కారు. మే నెలలో ఎండ నలభై ఐదు డిగ్రీలు తాకుతుంది. గాలిలోని ప్రాణవాయువు, ఓజోను మెల్లగా రబ్బరును తింటాయి. వేడి ఆ పనిని త్వరపెడుతుంది. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, అంటే నేటి 53వ నంబరు జాతీయ రహదారి, ఉక్కు పలకలు మోసే లారీలతో, జాముల్ సిమెంటు లారీలతో ఎడతెగక సాగుతుంది. బరువు బండ్ల చక్రాలకింద తారు కుంగి గాళ్లు పడుతుంది. కాలనీ వీధులలోకి తిరిగితే స్పీడ్ బ్రేకర్లు. వీటన్నిటికంటె పాడు చేసేది మరొకటి ఉన్నది: ఇంజను నుంచి కారే నూనె. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరకు విడిపోతుంది. నూనె కారడం ఆపకుండా కొత్త బుష్ వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

రోగం ముందుగా చెవికి తెలుస్తుంది. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ముందు నుంచి టక్ మని ఒక్క శబ్దం. తరువాత చేతికి తెలుస్తుంది: రహదారి గాడిలో పడిన చక్రం తన ఇష్టం వచ్చిన వైపు లాగడం, బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు చిన్నగా మళ్లడం. చివరగా టైరు చెబుతుంది, లోపలి అంచు ఒక్కటే అరిగి. చాలామంది ఈ మూడవ దశలో కూడా టైరు మార్చి ఊరుకుంటారు. కొత్త టైరు కొన్ని నెలల్లో అదేవిధంగా అరిగిపోతుంది.

డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత చెప్పవలసిన అవసరం లేదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు దాటుతుంది. రాత్రివేళ వెనుక దీపం లేని లారీ ఎదుట కనబడిందనుకుందాం. టన్నున్నర బండి గట్టిగా బ్రేకు వేసినప్పుడు భారమంతా ముందుకు వాలుతుంది. ఒక్కొక్క ముందుచక్రం దగ్గర నాలుగైదు వందల కిలోల బలం వెనక్కు తోస్తుంది. ఆ బలాన్ని లోయర్ ఆర్మ్, దాని రెండు బుష్‌లు తట్టుకోవాలి. ఒకవైపు రబ్బరు తెగి ఉంటే ఆ చక్రం కొన్ని మిల్లీమీటర్లు వెనక్కు జరిగి, దాని దిశ మారిపోతుంది. రెండవ చక్రం మారదు. బ్రేకు ఎంత గొప్పదైనా, ఆ క్షణాన బండి ఎటు పోవాలో నిర్ణయించేది డ్రైవరు కాకపోవచ్చు.

పరీక్ష సులభం. బండిని పైకెత్తి, ఆర్మ్ సందులో ఇనుప కడ్డీ పెట్టి ఒత్తితే మంచి రబ్బరు కొంచెం లొంగి వెనక్కు వస్తుంది. పాడైనది చప్పుడు చేస్తూ కదులుతుంది. టార్చి వేసి చూస్తే గొట్టం అంచున రబ్బరు విడిపోయిన నల్లని చీలిక కనబడుతుంది. పైపై సన్నని గీతలు ఉంటే భయపడనక్కరలేదు. చీలిక లోపలికి పోయిందా అన్నదే ప్రశ్న. అదే సమయంలో ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింటును కూడా చూడడం తెలివైన పని. ఎలాగూ అంతా విప్పుతున్నారు.

తెలిసిన మిస్త్రీ ఒకవైపు మాత్రమే మార్చడు. ఒక చేయి కొత్తది, ఒక చేయి పాతది అయితే బండి తిన్నగా నిలబడదు. ఆర్మ్ విప్పి, పాత బుష్‌ను హైడ్రాలిక్ ప్రెస్సుతో బయటకు నెట్టాలి. సుత్తితో కొడితే పని త్వరగా అవుతుంది. రంధ్రం వంకర పోతుంది. కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు: ఆ ఖాళీ ఉన్న దిశలో మెత్తగా, లేని దిశలో గట్టిగా పనిచేయడానికి. అందుచేత పాత దానిమీద ఉన్న గుర్తు ఎటు తిరిగి ఉన్నదో చూసి, కొత్తదానిని అదే వైపున ఎక్కించాలి. నూనె రాసి ఎక్కించరాదు. సబ్బు నీళ్లు చాలు.

ఇక అసలైన మెళకువ బోల్టు బిగింపులో ఉన్నది. బండి జాకీమీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, నేలమీదికి దించగానే రబ్బరు మెలితిరిగిపోతుంది. దానికి ఇక విశ్రాంతి లేదు. బండి ఊరకే నిలబడి ఉన్నా నలుగుతూనే ఉంటుంది. అలా వేసిన కొత్త బుష్ పాతదానికంటె ముందే చీలుతుంది. చక్రాలమీద బండి బరువు పడి, మామూలు ఎత్తుకు వచ్చిన తరువాతనే చివరి బిగింపు ఇవ్వాలి. తయారీదారు మార్చమన్న బోల్టులు మార్చితీరాలి. దేశమంతటా ఈ పని ఎక్కువగా చెడేది ఈ ఒక్క చోటనే అనిపిస్తుంది. సామాను నాసిరకమని దుకాణదారును తిట్టుకునేవారు బిగింపు సంగతి అడగరు.

ఇప్పుడు వేడుక గల ప్రశ్నకు వద్దాం. వేగంగా పోయే బండి గదా, పాత రబ్బరు బదులు మరింత గట్టి పదార్థం వేస్తే మేలు కాదా? ఉన్నది ఆ పదార్థం. 1937లో జర్మనీలో ఓట్టో బాయర్ కనుగొన్న పాలీయురెథేన్. రంగురంగుల బుష్‌లుగా నేడు దొరుకుతుంది. రబ్బరుకంటె గట్టిది, నూనెకు లొంగదు, చక్రాన్ని చెప్పినచోట నిలబెడుతుంది. రేసు మైదానంలో ఇది వరమే. ఊరి రోడ్డుమీద లెక్క మారుతుంది. పాలీ బుష్‌లో లోపలి గొట్టం అతుక్కుని ఉండదు, తిరుగుతుంది. అందువలన గ్రీజు కావాలి. గ్రీజు ఎండిపోయి దుమ్ము చేరితే కిర్రుమంటుంది. రోడ్డు గరుకంతా స్టీరింగులోకి, సీటులోకి ఎక్కుతుంది. పైగా లోయర్ ఆర్మ్ పైకీ కిందికీ మాత్రమే కదలదు, కొంచెం ముందుకు వెనక్కు కూడా మెలికపడుతుంది. ఆ మెలికను రబ్బరు సహిస్తుంది. గట్టి పదార్థం సహించకపోతే ఆ ఒత్తిడి బోల్టుకు, చట్రానికి పోతుంది.

ఉక్కు పట్టణంలో గట్టిదనమంటే గౌరవం ఎక్కువ కావడం సహజమే. కాని రోజూ సెక్టారు నుంచి సివిక్ సెంటరుకు, వారానికొకసారి రాయపూరుకు పోయే బండికి మధ్యేమార్గం ఉన్నది. అదే కుటుంబానికి చెందిన మరింత వేగవంతమైన మోడలుకు కొన్ని తయారీ సంస్థలు ఖాళీలు లేని, కాస్త గట్టి రబ్బరు బుష్ వాడుతుంటాయి. కొలతలు సరిపోతే అది చాలును. సరిపోకపోతే అసలు రకం రబ్బరే కొత్తది వేయడం మంచిది. చాలామంది యజమానులు గట్టి బుష్ వేసినందుకు మెచ్చుకునే మార్పులో సగానికి పైగా, అరిగినది పోయి కొత్తది వచ్చినందువలన కలిగేదే.

బుష్ మార్చిన తరువాత వీల్ ఎలైన్‌మెంట్ తప్పదు. ఆర్మ్ విప్పి బిగించినప్పుడు చక్రాల దిశ కొద్దిగానైనా మారుతుంది. ఆ ఖర్చు ఆదా చేస్తే కొత్త టైర్ల రూపంలో చెల్లించవలసి వస్తుంది. తరువాత కొన్ని వందల కిలోమీటర్లు నడిపి బోల్టులు మరొకసారి చూడాలి. దుర్గ్ నుంచి దల్లీ రాజహరాకు రోడ్డున మూడుసార్లు పోయి వస్తే సుమారు ఐదు వందలు నిండుతాయి. అప్పుడు బండిని మళ్లీ పైకెత్తి, బోల్టు తలమీద గనుల ఎర్రదుమ్మును గుడ్డతో తుడిచి, బిగించిననాడు గీసిన తెల్లరంగు గీత చట్రంమీది గీతతో ఇంకా కలిసే ఉన్నదా అని మిస్త్రీ చూస్తాడు.