గోండ్వానా వానలో

ఉష్ణమండలానికీ సమశీతోష్ణ మండలానికీ నడుమనున్న ప్రాంతాన్ని ఉపోష్ణ మండలం అంటారు. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా పచ్చగా ఉండి, వానతోనూ పొగమంచుతోనూ తడుస్తూ పెరిగే దట్టమైన అడవి ఉపోష్ణ వర్షారణ్యం. నిర్వచనం ఇంత సులువుగా ఉన్నా, నల్లమలనో శేషాచలాన్నో చూసి పెరిగిన తెలుగు ప్రవాసి ఆస్ట్రేలియాలోని లామింగ్టన్ జాతీయ వనంలో అడుగుపెట్టినప్పుడు తనకు తెలిసిన అడవిని అక్కడ పోల్చుకోలేడు. తెలుగు నేల మీది అడవులు చాలావరకు ఆకురాల్చేవి కావడంతో, వేసవికి మోడువారి, ఎండుటాకులు కాళ్ల కింద గలగలలాడి, తొలకరికి మళ్లీ పచ్చబడే అడవే అతని మనసులో ఉంటుంది. లామింగ్టన్‌లో రాలిన ఆకు ఎండదు, నాని మట్టిలో కలిసిపోతుంది.

క్వీన్స్‌లాండ్ దక్షిణపు కొసన, బ్రిస్బేన్ నగరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మెక్‌ఫర్సన్ కొండల మీద ఈ వనం ఉంది. దీని అక్షాంశం దక్షిణానికి 28 డిగ్రీలు, అంటే భూమధ్యరేఖకు ఉత్తరాన ఢిల్లీ ఎంత దూరమో దక్షిణాన ఇది దాదాపు అంతే దూరం. అయినా ఢిల్లీ ఎండకు మాడుతుండగా ఇక్కడ నాచు పట్టడానికి కారణం సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు ఈ కొండల్ని ఎక్కుతూ చల్లబడి వర్షించడమే. సుమారు రెండు కోట్ల ముప్పై లక్షల ఏళ్ల కిందట రగిలిన ట్వీడ్ అగ్నిపర్వతం పోసిన లావా నుంచి ఏర్పడిన సారవంతమైన మట్టి ఆ వానకు తోడైంది. యుగంబే ఆదివాసులది ఈ నేల. దీన్ని 1915లో జాతీయ వనంగా ప్రకటించడానికి పట్టుబట్టినవారిలో ముఖ్యుడైన రోమియో లేహీ కలప మిల్లులు నడిపే ఇంటివాడు కావడం ఒక విశేషం. చెట్టు విలువ తెలిసినవాడే దాన్ని కొట్టవద్దన్నాడు.

అడవిలో ముందుగా కంటబడేది, తెలుగువాడు వెంటనే గుర్తుపట్టగలిగేది, గొంతు నులిమే మర్రి. పక్షి రెట్టలో పడిన విత్తనం పెద్ద చెట్టు కొమ్మ చీలికలో మొలిచి, వేళ్లను కిందికి దింపి, అవి నేలను తాకిన తరువాత బలిసి ఒకదానితో ఒకటి అల్లుకుని, ఆతిథ్యమిచ్చిన చెట్టును వలలో బిగించి, వెలుతురు అందకుండా కమ్మేస్తుంది. వందల ఏళ్లకు లోపలి చెట్టు కుళ్లి రాలిపోగా మిగిలేది బోలు స్తంభం. ఇది విదేశీ వింతగా కనిపించినా, మర్రి, రావి, జువ్వి, మేడి చెట్ల కుటుంబానికే చెందినది. తాటిచెట్టును కౌగిలించుకున్న మర్రినీ, పాత గుడి గోపురం పగుళ్లలో మొలిచి రాళ్లను విడదీసే రావినీ చూసినవారికి దీని స్వభావం కొత్త కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దింపి అడ్డంగా విస్తరించాయి. అక్కడ వెలుతురుకు కొరత లేదు. ఇక్కడ వెలుతురంతా పైన, కొమ్మల పందిరి మీదే ఉంది కనుక ఈ మర్రి నిలువునా పాకింది.

మరికొన్ని పోలికలు అంత ముచ్చటైనవి కావు. తెలుగులో జలగ అంటే చెరువులో ఉండేది. లామింగ్టన్ జలగ తడి ఆకుల మధ్య నేల మీదనే కాచుకుని, బూటు మీదుగా మేజోడులోకి పాకుతుంది. దారి పక్కన వెడల్పాటి హృదయాకారపు ఆకులతో అమాయకంగా నిలబడే ముళ్లనూగు చెట్టు ముందు మన దురదగొండి చిన్నపిల్ల; దాన్ని ముట్టుకున్నచోట నొప్పి నెలల తరబడి తిరగబెట్టవచ్చు. ఈ అడవి ఎంత చిక్కనిదో చెప్పడానికి 1937 ఫిబ్రవరి నాటి ఉదంతం చాలు: ఇక్కడ కూలిన విమానం ఆచూకీ ఎవరికీ దొరకనప్పుడు, స్థానికుడైన బెర్నార్డ్ ఓరైలీ అడవిలోకి నడిచి వెళ్లి పదో రోజున బతికున్న ఇద్దరిని కనుగొన్నాడు.

ప్రవాసిని తికమకపెట్టేది పంచాంగం. దక్షిణార్ధగోళంలో రుతువులు తలకిందులు కనుక, ఇక్కడి జోరువానలు డిసెంబరు నుంచి మార్చి వరకు, అంటే సంక్రాంతికి అటూ ఇటూ పడతాయి. కార్తెల లెక్క పనికిరాదు. కార్తీక వనభోజనాల వేళకు ఇక్కడ వసంతం ముగుస్తూ ఉంటుంది. జాతీయ వనంలో కట్టెల మంట నిషిద్ధం కనుక వండుకునే వనభోజనం కుదరదు, ఇంటి నుంచి పులిహోర కట్టుకు రావలసిందే. ఆ నిషేధాన్ని చాదస్తమనుకునేవారు, చలికాలపు కరువు తరువాత 2019 సెప్టెంబరులో చెలరేగిన కార్చిచ్చు 1933 నాటి బిన్నా బుర్రా విడిది భవనాన్ని బూడిద చేసిన సంగతి గుర్తుంచుకోవాలి. తడి అడవి అంటుకోదన్న నమ్మకం అప్పుడే సడలింది.

లామింగ్టన్ 1994 నుంచి ప్రపంచ వారసత్వ సంపదలో భాగం. ఆ వారసత్వ అడవుల సమూహానికి 2007లో ఆస్ట్రేలియా గోండ్వానా వర్షారణ్యాలు అనే పేరు పెట్టారు. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్నప్పటి మహాఖండం గోండ్వానా, ఆ కాలపు వృక్ష వంశాలకు వారసులైన అంటార్కిటిక్ బీచ్ చెట్లు వనంలోని ఎత్తైన చల్లని శిఖరాల మీద నేటికీ పాత మొదళ్ల నుంచి పిలకలు వేస్తూ బతుకుతున్నాయి. గోండ్వానా అనే పేరు మాత్రం లాటిన్‌దీ ఇంగ్లీషుదీ కాదు. మధ్య భారతంలో గోండుల దేశమైన గోండ్వానాలో దొరికిన శిలలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే తరువాత మహాఖండానికి అంటుకుంది. సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా శిలల్లోదే, గోండులు నేటికీ ఆదిలాబాద్ అడవుల్లో ఉన్నారు. బ్రిస్బేన్‌లో చదివే తెలుగు పిల్లలు ఆ మాటను ఆస్ట్రేలియా మాటగానే నేర్చుకుంటారు కనుక, వనం బోర్డు ముందు ఫొటో దిగే తల్లిదండ్రులు ఆ రెండు నిమిషాల్లో ఆదిలాబాద్ పేరు కూడా చెప్పాలి.